కనుమ మీద నేను కూల్చిన రాళ్ళ కుప్ప

మీరు నీళ్ళు తాగే బావి, ప్రభుత్వ పటంలో ఏ గీతకు ఏ పక్కన ఉందో మీరెప్పుడైనా చూసుకున్నారా?

చూసుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చూసుకోలేదు. అరవై దాటినవాణ్ణి. దేన్నీ గుడ్డిగా నమ్మకండి, నిలదీసి అడగండి అని ఊరూరా చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి. జాతకాలను నిలదీశాను, బాబాలను నిలదీశాను, ముహూర్తాలను నిలదీశాను. పటాన్ని మాత్రం ఏనాడూ నిలదీయలేదు. గీతలు గీసి, అంకెలు వేసి, ముద్ర కొట్టిన కాగితం తప్పు చెప్పదనుకున్నాను. అది నా మూఢనమ్మకం.

ఈ సంగతి జరిగింది పాత కర్నూలు, కడప జిల్లాలు ఒరుసుకునే చోట, ఎర్ర కొండల వరుసలో. కొండ పేరు రాయను, ఊరి పేరూ రాయను. రాస్తే, అది ఎవరిదో ఊరి గొడవ అనుకుని మీరు పేజీ తిప్పేస్తారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో కడపలో మా ఇంటికి ఒక ఫోను వచ్చింది. వయసు మీరిన ఆడమనిషి గొంతు.

"సారూ, మా మనవరాలి బడికొచ్చి పుస్తకాలు పంచినావు గదా. దాని ఎనకాల ఈ నెంబరు ఉండాది."

"అవునమ్మా, చెప్పండి."

"మా కొండను కొలుస్తాండారు. మా ఊటను అడివిలోకి రాసేస్తాండారు. నువ్వొకసారి రావల్ల."

"మీ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా అమ్మా?"

"ఉండారు. వాళ్ళతో అయ్యే పని గాదు. నువ్వే రావల్ల. రేపు సాయంత్రం దాటితే వాళ్ళు డేరాలు పీకేస్తారు."

ఇంతమంది ఉండగా నేనే ఎందుకని అడగలేదు. నా పేరు ప్రఖ్యాతులు కొండల్లోకి కూడా పాకాయని పొంగిపోయాను. ప్రశ్నించడం నా వృత్తి. పొగడ్తను ఎవరు ప్రశ్నిస్తారు?

మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కాను. బనగానపల్లె ఇంకా చాలా దూరం ఉండగానే ఒక మలుపులో దిగి, మామిడి తోటల పక్కనుంచి షేరాటోలో పోయి, ఆటో కూడా పోలేని చోట నడిచాను. ఊరంటే ముప్ఫై నలభై ఇళ్ళు, సున్నం కొట్టిన పాత చర్చి. చర్చి అరుగు మీద ఆమె కూర్చొని ఉంది. నా ఈడు మనిషే, లేదా ఒకటి రెండేళ్ళు చిన్న. చేతిలో మేకలు తోలే కట్టె. వాళ్ళది తాతల కాలం నుంచి ఆ చర్చికి పోయే కుటుంబం. ఆమెకు ఒక మంద మేకలు, కొర్ర వేసే కాస్త మెట్ట చేను. ఆమె నన్ను కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసింది.

"జుట్టంతా పోయిందే," అంది.

ముందెప్పుడు చూసిందని నా జుట్టు గురించి అంటోంది? అప్పుడైనా అడగాల్సింది. పుస్తకం వెనక అట్ట మీద నా పాత ఫోటో ఉంటుంది, అదై ఉంటుందనుకుని ఊరుకున్నాను.

నడుస్తూ సంగతంతా చెప్పింది. ఊళ్ళో బోరు శివరాత్రి నాటికే గాలి కక్కుతుంది. మనుషులకు ట్యాంకరు వస్తుంది. మేకలకు రాదు. కొండ వాలులో సగం దూరం ఎక్కితే, ఒక బండ కింద బొటనవేలంత ధారగా ఊట కారుతుంది. దాని కింద తాతలెవరో తొలిచిన రాతి తొట్టి. మూడు నెలల పాటు ఊరి మందలన్నిటికీ ఆ తొట్టే దిక్కు. ఇప్పుడు తయారవుతున్న పటంలో ఆ ఊట రక్షిత అడవి గీతకు లోపల పడుతోంది. గీత లోపలికి మేక అడుగుపెడితే కేసు.

"నీళ్ళు లేకుంటే మేకల్ని ఎండల్లోనే అమ్మేయల్ల. అమ్మేసి, నేనూ మా కోడలూ పత్తికొండకు పోవల్ల, టమోటా తెంపను. ఈ మోకాళ్ళతో."

అది చెప్పి కట్టెతో మోకాలి మీద కొట్టుకుంది.

ఒక మాట ముందే చెప్పాలి. కొండను రక్షించడానికి నేను వ్యతిరేకిని కాను. ఆ పొదల్లో బతికే పిట్టలు ఇంకెక్కడా అంత సులువుగా కనిపించవు. చిరుతలున్నాయి. దొంగతనంగా నరికేసిన చెట్ల మొదళ్ళు నేనే కళ్ళారా చూశాను. గీత గీయాల్సిందే అని పత్రికలకు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాపాడాలంటే ముందు కొండ ఎక్కడ లేస్తోందో, ఎక్కడ పడుతోందో, ఏ వాగు ఎటు పోతోందో సరిగ్గా తెలియాలి. అందుకే కొత్త పటం. అది మంచి పనే. ఆ మంచి పనిలో ఒక ముసలామె నీళ్ళు పోతున్నాయి. అంతే.

దారి పొడుగునా బండల మీద సున్నంతో పెద్ద పెద్ద కూడిక గుర్తులు వేసి ఉన్నాయి. పైన ఎగిరే డ్రోను కెమెరాకు ఆనవాళ్ళు అవి. ఆమె వాటిని కట్టెతో చూపించింది.

"మా చర్చి అయ్యగారు ఇన్నేండ్లు ప్రార్థన చేసినా ఈ కొండ మారలా. ఆ సర్వే పాప నెల రోజుల్లో కొండంతా సిలువలేసింది."

ఊట దాకా పోలేదు. ఊటకు కొంచెం కిందనే, బాట రెండుగా చీలే చోట, నడుమెత్తు రాళ్ళ కుప్ప ఉంది. దాని పక్కన ముగ్గురు కుర్రాళ్ళతో సర్వే అమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తలకు టవలు చుట్టుకుంది. చేతిలో నిలువెత్తు కడ్డీ, కడ్డీ తలమీద పుట్టగొడుగు లాంటి యంత్రం, నడుము దగ్గర చిన్న తెర. ఆమెకు తోడుగా అడవిశాఖ వాచరు, నలభై ఏళ్ళ స్థానికుడు.

నేను పోయీ పోగానే ఉపన్యాసం అందుకున్నాను. నీళ్ళ మీద హక్కు గురించి, అధికారుల కళ్ళకు పేదలు కనిపించకపోవడం గురించి. ఆ అమ్మాయి అడ్డు చెప్పకుండా విన్నది. అయ్యాక సీసా మూత తీసి నీళ్ళు తాగి, శాంతంగా అడిగింది.

"సర్, ఇప్పుడు నేను చెప్పొచ్చా?"

చెప్పింది. అడవి హద్దు ఆమె కొత్తగా పెడుతున్నది కాదు. పాత దస్తావేజులో ఉన్నదే. కొండ వరుస మీద అప్పటి అధికారులు రాళ్ళ కుప్పలు పేర్చి, ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు గీత అని రాశారు. ఆ కుప్పలు ఎక్కడున్నాయో కొలిచి, కొత్త పటం మీదికి ఎక్కించడం ఆమె పని. ఎడమ గుట్ట మీది కుప్ప దొరికింది. కుడి గుట్ట మీది కుప్ప దొరికింది. నడుమ, బాట కొండ దాటే కనుమలో ఉండాల్సిన కుప్ప ఇదే.

తెర మీద చూపించింది. కొండ ఎత్తులను చూపే సన్నని గోధుమరంగు గీతలు వేలిముద్రలోని చారల్లా ఒత్తుగా ఉన్నాయి. వాటి మీదుగా ఎర్ర గీత రెండు గుట్టల నుంచి దిగి వచ్చి ఈ కుప్ప దగ్గర కలుస్తోంది. నడుమ భాగం సంచిలా కిందికి వేలాడుతోంది. ఆ సంచిలో ఒక నీలం చుక్క. ఊట.

"ఈ యంత్రం వేలెడు తేడా కూడా రానివ్వదు సర్," అంది.

"యంత్రం తప్పని ఎవరన్నారమ్మా? దస్తావేజులో ఈ కుప్ప ఎక్కడుందని రాశారు?"

ఆమె కాగితం తీసింది. "కనుమ నెత్తిన అని ఉంది."

"ఇది కనుమ నెత్తా?"

వాచరు అందుకున్నాడు. "సారూ, కనుమంటే కనుమే. ఈడ కుప్ప ఇది ఒక్కటే ఉండాది. నేను పనిలో చేరినప్పటినుంచీ ఇదే హద్దు. ఇప్పుడు కాదంటే ఇన్నాళ్ళూ ఏం కాపలా కాసినావురా అంటారు నన్ను. నా కడుపు కొట్టొద్దు సారూ."

"పైకి కూడా వెళ్ళి చూశాను," అంది అమ్మాయి. "నెత్తిన కుప్ప లేదు. లేనిదాన్ని ఎలా కొలవను? కుప్ప మునుపు పైన ఉండేదని ఈ అవ్వ చెప్పింది. అవ్వ మాట నేను కొట్టిపారేయలేదు. కానీ ఆధారం చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు. ఈ పటం షీటు ఇవాళ సాయంత్రం మూసేయాలి. రేపు కడపకు వెళ్ళిపోతాం."

నాకు ఆవేశం వచ్చింది. సభల్లో చెయ్యి ఎత్తినట్టే ఎత్తాను.

"దీనికి పెద్ద పరిశోధన కావాలా? పైన ఉన్న కుప్పను ఎవడో పీకేశాడు! ఎవడో గాడిద కొడుకు, బుద్ధి లేనివాడు, సర్కారు హద్దు రాయి కూడా తెలియనివాడు పీకేస్తే, దానికి ఈమె మేకలు దాహంతో చావాలా?"

ముసలామె నావైపు చూసింది. కోపంగా కాదు. పాఠం అప్పజెప్పే పిల్లవాడు తర్వాతి పంక్తి కోసం తడుముకుంటుంటే పంతులు చూస్తాడే, అలా.

"పైకి పోదాం పా అప్పా," అంది.

ఎక్కాం. నేను, ఆమె, సర్వే అమ్మాయి, వాచరు. కుర్రాళ్ళు కిందనే ఆగిపోయారు. గాలి లేదు. బండల వేడి చెప్పుల్లోంచి అరికాళ్ళకు తగులుతోంది. నాలుగుసార్లు ఆగాను. మోకాళ్ళు పోయాయన్న మనిషి ఒక్కసారీ ఆగలేదు.

కనుమ నెత్తికి చేరగానే అవతలి వైపు లోయ తెరుచుకుంది. దూరంగా ఎండిన చెరువు, చెరువు గట్టున మూడు తాటిచెట్లు. ఎడమ పక్క నిలువునా రెండుగా చీలిన ఏనుగంత బండ.

నా కాళ్ళు ఆగిపోయాయి.

నేను ఇక్కడికి ముందు ఒకసారి వచ్చాను. ఈ ఊరి వైపు నుంచి కాదు, అవతలి వైపు నుంచి. అందుకే ఊరి పేరు విన్నా, ఊరు చూసినా గుర్తు రాలేదు. అప్పటికి కాలేజీ వదిలి ఏడాది. ఎనిమిది మందిమి. సైకిళ్ళు కొండ కింద పారేసి, ఒక గడ్డపార, ఒక పెయింటు డబ్బా మోసుకుని ఎక్కాం. ఈ కనుమలో ఏదో దేవత ఉందట, దాటే ప్రతివాడూ కుప్ప మీద ఒక రాయి వేయాలట, వేయకపోతే కాలు విరుగుతుందట. విన్నాం, నెత్తురు ఉడికింది. వారం వారం చర్చలు పెట్టుకునేవాళ్ళం. పక్కవాడి వాదంలో చిన్న చిల్లు దొరికితే దాంట్లోంచి బండి తోలేవాళ్ళం. మాటలు చాలు, చేతల్లో చూపిద్దాం అన్నది నేనే.

మనిషెత్తు కుప్ప. గంటలోపే చదును చేశాం. రాళ్ళను నలువైపులా విసిరేశాం. తరువాత నేను ఒక బండ ఎక్కి ప్రసంగించాను. వినడానికి నలుగురైదుగురు మేకల కాపర్లు ఉన్నారు. వాళ్ళ వెనక ఒక పడుచు, చేతిలో రాయి పట్టుకుని, వేద్దామంటే కుప్ప లేక నిలబడిపోయింది. "ఆ రాయి పారెయ్యమ్మా, ఏమీ కాదు," అని ఆమెను చూసే అన్నాను.

ఈ కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. నా మొదటి గెలుపుగా చెప్పాను. పుస్తకంలో రాశాను. ప్రతిసారీ చివర ఒక వాక్యం ఉండేది: ఆమె చేతిలోంచి రాయి జారి కింద పడింది, భయం కూడా దాంతోపాటే పడింది. అక్కడ చప్పట్లు వచ్చేవి.

రాయి పడలేదు. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. జరిగింది అది. చప్పట్ల కోసం నేను రాయిని జారవిడిచాను.

ఆ దేవత కుప్పే సర్కారు హద్దు కుప్ప. అధికారులు పేర్చారు, బాటసారులు పెంచారు, నేను కూల్చాను. కూల్చే ముందు ఇది ఏమిటి, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఎనిమిది మందిలో ఒక్కరమూ అడగలేదు. అడగడమే మా మతం అని చెప్పుకున్న ఎనిమిది మందిమి.

సర్వే అమ్మాయి అటూ ఇటూ తిరిగి నేల చూస్తోంది. అన్నీ రాళ్ళే. ఒకే రంగు, ఒకే ఎండ. "ఇక్కడేమీ లేదు సర్, మొన్ననే చెప్పాను కదా. బ్యాటరీ కూడా గంటకు మించి రాదు," అంది. వాచరు దిగుదాం దిగుదాం అంటున్నాడు. ముసలామె చీలిన బండ నీడలో కూర్చొని, కట్టె ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

నేను నోరు తెరవలేదు.

ఎంతసేపని అడగకండి. దాచకుండా చెప్తున్నాను, ఆ కాసేపట్లో నేను మూడు సాకులు వెతుక్కున్నాను. ఒకటి, హద్దు గుర్తు పీకడం నేరం, ఇప్పుడు ఒప్పుకుంటే కేసు నా మెడకు చుట్టుకుంటుంది. రెండు, నా మీద ఎప్పటినుంచో కాచుకుని ఉన్నవాళ్ళకు పండగ. చూశారా హేతువాది గొప్ప అని నా మాటే నా మీద విసురుతారు. మూడోది అన్నిటికంటే నీచమైనది: మాట చెప్పినంత మాత్రాన ఆధారం దొరకదు కదా, చెప్పి లాభమేంటి? లాభం లేని నిజం చెప్పనక్కర్లేదని నాలోని తార్కికుడు తీర్పు ఇచ్చాడు. ఎదుటివాడి తర్కంలో చిల్లు చూసే కళ్ళు నా తర్కం దగ్గర మూసుకున్నాయి.

అమ్మాయి కడ్డీని మడిచి భుజానికి తగిలించుకుంది. వాచరు రెండడుగులు కిందికి వేశాడు. ముసలామె లేచింది. ఏమీ అనకుండా, కట్టె ఆనించుకుంటూ, మేకలున్న వైపు దిగబోయింది. చేతిలో రాయితో వెనక్కి తిరిగిన ఆ పడుచు నడక అదే. అప్పటికి గాని నాకు తెలియలేదు.

"ఆగండి," అన్నాను. "కుప్ప ఇక్కడే ఉండేది. పీకింది నేనే."

వాచరు నోరు తెరిచాడు. "ఏంది సారూ? నువ్వా? అది నేరం తెలుసునా?"

"తెలుసు. అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు."

ముసలామె ఆగింది. "నాకు తెలుసులే అప్పా. మా మనవరాలు నీ పుస్తకం చదివి వినిపించింది. నేను రాయి కింద పడేసినానంట గదా? యాడ పడేసినాను?"

"పడేయలేదమ్మా. అబద్ధం రాశాను."

"మరి పొద్దున్నుంచీ యాల చెప్పలా?"

"ఇంతదాకా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక భయపడ్డాను."

"భయం లేనోడివని గదా ఊర్లన్నీ తిరుగుతాండావు?" అంది. తరువాత నెమ్మదిగా, "నేను చెప్పొచ్చు, ఈయప్పే పీకినాడని. చెప్తే నువ్వు కాదంటావు. సారు మాట నిల్చుంటాది, నా మాట పోతాది. అందుకే నీ నోట్నించి రావల్లని కూచోనుండా."

సర్వే అమ్మాయి కడ్డీ మళ్ళీ కిందికి దించింది. "సర్, మీరు రాసిస్తే తీసుకుంటాను. కానీ రాత ఒక్కటే చాలదు. సరిగ్గా ఏ చోట? హద్దు కుప్పలకు అడుగున పాతిన రాయి ఉంటుంది. దాని మీద చెక్కిన గుర్తు ఉంటుంది. మీరు అదీ పీకారా?"

పీకామా? గుర్తు లేదు. గడ్డపార దేనికో తగిలి ఖంగుమన్న చప్పుడు మాత్రం చెవిలో ఉంది. మిగతా అంతా నా ప్రసంగమే గుర్తుంది. చూడండి, మనిషి ఏం గుర్తుంచుకుంటాడో!

నలుగురం వెతికాం. కనుమ నెత్తి గుడిసె కప్పులా కొనదేరి లేదు, పంట నూర్చే కళ్ళం అంత వెడల్పు. ఎక్కడని తవ్వుతాం? నేను ఒక చోట ఇదే అన్నాను. వాచరు తన చేతి గొడ్డలి మడమతో గీకాడు. ఏమీ లేదు. ఇంకో చోట అన్నాను. ఏమీ లేదు. ఎండ కళ్ళల్లో పొడుస్తోంది. తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

అప్పుడు పెయింటు గుర్తొచ్చింది. పని అయ్యాక మా వాళ్ళలో ఒకడు కుప్ప ఉన్న చోటికి ఎదురుగా, ఆ చీలిన బండ మీద, చీలిక లోపలిదాకా మా నినాదం రాశాడు. చీలిన బండ చీలికలోకి తల దూర్చాను. వాన తగలని లోపలి వైపు, దుమ్ము పట్టిన రాతి మీద, వెలిసిన నీలం రంగు మరకలు. పదాలు పోయాయి. రెండు గీతలు, ఒక ప్రశ్నార్థకం మాత్రం మిగిలాయి. నా మీద నేనే ముందుగా రాసిపెట్టుకున్న ఫిర్యాదు అది.

"దానికి ఎదురుగా, ఐదారు అడుగుల్లో," అన్నాను.

మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో రాళ్ళు లాగాను. వాచరు ముందు చూస్తూ నిలబడ్డాడు, తరువాత తనూ కూర్చున్నాడు. "ఉద్యోగం పోతే పోయిందిలే, మా అమ్మకూ మేకలుండాయి," అని గొణిగాడు. జానెడు లోతున గొడ్డలి ఖంగుమంది. అదే చప్పుడు. సర్వే అమ్మాయి సీసాలో మిగిలిన నీళ్ళు పోసి కడిగింది. పలక రాయి, దాని మీద ఉలితో చెక్కిన బాణం, బాణం కింద అంకె. ఆమె కాగితం తీసి చూసింది. మళ్ళీ రాయిని చూసింది.

"ఇదే," అంది.

కడ్డీ మొనను బాణం కొన మీద ఆనించింది. కడ్డీ నిటారుగా ఉందో లేదో చెప్పే చిన్న బుడగ వలయం నడుమకు రావాలి. పైన ఉపగ్రహాలతో లెక్క కుదరాలి. కుదిరిందని తెర చెప్పేదాకా కదలకూడదు. తెర చెప్పడం లేదు. పక్కనున్న చీలిన బండ ఆకాశాన్ని సగం మూస్తోంది. ఒక్కతే పట్టుకుంటే కడ్డీ కదులుతోంది. వాచరు పోయి కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. నా జీవితంలో ఏనాడూ దేన్నీ ప్రార్థించలేదు, అప్పుడూ ప్రార్థించలేదు. కానీ ప్రార్థించేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో ఆ నిమిషంలో నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

టిక్కుమని చిన్న చప్పుడు. "వచ్చింది," అంది అమ్మాయి. లెక్క పడింది. ఆ వెనకే తెర నల్లబడింది.

"పోయిందా?" అన్నాను. ఆమె నవ్వింది. "దాచుకున్నాక ఆరిపోయింది సర్. పోలేదు."

రాయి పక్కనే కూర్చొని, ఆమె పుస్తకంలోంచి చించిన కాగితం మీద వాంగ్మూలం రాశాను. ఏ వయసులో వచ్చాను, ఏం చేశాను, ఎందుకు చేశాను. ఎందుకు అన్న దగ్గర కలం ఆగింది. మూఢనమ్మకాన్ని రూపుమాపడానికి అని రాసి, కొట్టేశాను. అడగకుండా, తెలుసుకోకుండా అని రాశాను. సంతకం పెట్టాను. వాచరు సాక్షి సంతకం పెట్టాడు.

అప్పుడు ముసలామెను అడిగాను, ఎన్నో ఏళ్ళ కిందట అడగాల్సిన ప్రశ్న. "అసలు రాయి ఎందుకు వేసేవాళ్ళమ్మా? మీరు చర్చికి పోయేవాళ్ళు కదా?"

"దేవునికి యాడ యేస్తాము? దారికి యేస్తాము. గాలికీ వానకూ కుప్ప జారిపోతాది. పోయేటోళ్ళంతా తలా ఒక రాయి యేస్తే నిలబడతాది. మబ్బు పట్టినప్పుడు కుప్ప అగపడకుంటే ఆ పక్క లోయలో పడి సస్తారు. అంతే."

"మరి దేవత? కాలు విరుగుతుందని?"

ఆమె పకపకా నవ్వింది. "దేవత అని చెప్పకుంటే మీ మగోళ్ళు అంత దూరం రాయి మోస్తారా?"

వాచరు కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"కుప్పను మళ్ళీ ఇక్కడే పెట్టుకోవచ్చు కదా? ఊట కింద ఎందుకు పెట్టారు?"

"నువ్వు మళ్ళా వస్తావని," అంది. "ఆడైతే ఊరికి కేకేస్తే వినపడతాది. ఎవరన్నా పీకను వస్తే అందరం ఎక్కిరావచ్చు. నీకు భయపడే దించినాము." కాస్త ఆగి, "కింద ఈ పాప ముందర నువ్వే అన్నావు గదప్పా, ఎవడో గాడిద కొడుకని. నేనేమీ అన్లా," అంది.

కింద నుంచి రాయి ఎప్పుడు తెచ్చిందో, కొంగులోంచి తీసి బాణం గుర్తు పక్కన పెట్టింది. నా వైపు చూసింది. నేనూ ఒక రాయి ఏరి పెట్టాను. మొక్కలేదు. మొక్కమని ఆమె అడగలేదు.

రెండు నెలల తరువాత కడపలో ఆ పటం ముసాయిదాను గోడకు అంటించారు. జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి కొన్నాళ్ళు గడువు. పోయి, కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి చూశాను. సంచి పోయింది. ఎర్ర గీత కనుమ నెత్తి మీదుగా తిన్నగా పోతోంది. నీలం చుక్క ఊరి పక్కన ఉంది. ఫోను చేస్తే, వెనక మేకల అరుపుల నడుమ, "తాగుతాండాయిలే," అని పెట్టేసింది. నాకు మాత్రం హద్దు గుర్తు చెరిపినందుకు సంజాయిషీ ఇమ్మని నోటీసు వచ్చింది. పోతాను. అందులో అన్యాయమేమీ లేదు. పుస్తకం కొత్త ముద్రణలో ఆ రాయిని ఆమె చేతిలోనే ఉంచుతున్నాను.

ఆ గోడ ముందు నేను నిలబడిన గంటసేపట్లో ఇంకెవరూ రాలేదు. ఎన్నో ఊర్ల బావులు, బాటలు, చేలు, సమాధులు ఆ గోడ మీద ఉన్నాయి. ఒక్కరూ వేలు పెట్టి చూడలేదు. మా ఊట ఎందుకు దక్కింది? తప్పు చేసినవాడు ఇంకా బతికి ఉన్నాడు కాబట్టి. చూసిన మనిషి ఇంకా బతికి ఉంది కాబట్టి. ఇంకో పదేళ్ళు పోతే ఇద్దరం ఉండం. వేలెడు కూడా తేడా రానివ్వని యంత్రాలు, తప్పు చోట పెట్టిన రాయిని ఎప్పటికీ ఒప్పు అని చెబుతూనే ఉంటాయి.

కాబట్టి ఈ పేజీ మూసి లేవండి. రేపే పోయి మీ ఊరి పటం అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. అది చేతికి వచ్చాక ఇంట్లో కూర్చొని చూడొద్దు, ఊళ్ళో అందరికంటే ముసలి మనిషిని వెంటబెట్టుకుని గీత వెంట నడవండి. ప్రతి రాయి దగ్గరా ఆగి, ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగండి. తప్పుంటే గడువు దాటకముందే రాసి ఇవ్వండి. ఆ తప్పు మీదే అయితే, ముందు ఆ మాట చెప్పండి.